హాజరు ఎవరి కోసం?

హాజరు అంటే ఒక మనిషి ఫలానా వేళకు ఫలానా చోట ఉన్నాడని మరొకరు రాసి పెట్టుకోవడం. దానికి నాలుగు కావాలి. ఎవరెవరు రావాలో చెప్పే పేర్ల పట్టీ, ఎప్పటిలోగా రావాలో చెప్పే వేళ, వచ్చిందీ రానిదీ గుర్తు పెట్టే మనిషి లేదా యంత్రం, రాకపోతే ఏమవుతుందో చెప్పే నిబంధన. మొదటి మూడూ బడిలోనైనా, బొగ్గు గనిలోనైనా, సచివాలయంలోనైనా దాదాపు ఒకలాగే ఉంటాయి. తేడా అంతా నాలుగో దాంట్లోనే. ఒకప్పటి బడిలో బెత్తం దెబ్బ, కాలేజీలో పరీక్ష ఫీజు కట్టించుకోకపోవడం, ఫ్యాక్టరీలో ఆ పూట కూలి కోత, ఆఫీసులో అరపూట సీఎల్ పోవడం.

వచ్చినవాడు పని చేశాడా, కూర్చున్న పిల్లవాడికి పాఠం ఎక్కిందా అన్నది పట్టీకి తెలియదు. అయినా జీతం, గ్రాంటు, బియ్యం, డిగ్రీ, పింఛను దాకా ఎన్నింటినో దానికే కట్టేశారు. చదువునూ పనినీ కొలవడం కష్టం, తలలు లెక్కపెట్టడం తేలిక కాబట్టి.

పుస్తకం లేని రోజుల్లో

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన ఏలుబడిలోని జిల్లాల్లో బడులెన్ని, చదివే పిల్లలెందరు అని కలెక్టర్లను లెక్కలడిగాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు పంపాడు. తెలుగు వ్యాకరణం రాసి 1816లో అచ్చు వేయించిన క్యాంప్‌బెల్ ఈయనే. నేటి అనంతపురం ప్రాంతం అప్పట్లో బళ్లారి జిల్లాలోదే కాబట్టి ఆ నివేదికలో కన్నడ బడులతో పాటు తెలుగు వీధిబడులూ ఉన్నాయి. మొత్తం 533 బడులు, 6,641 మంది పిల్లలు. అంటే బడికి సగటున పన్నెండు మంది.

ఆ బడుల్లో హాజరు పుస్తకం లేదు. హాజరు మాత్రం గట్టిగానే ఉండేది. పొద్దున్నే ఆరింటికి బడి మొదలు. అందరికన్నా ముందొచ్చినవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్న చుట్టేవారు, మెప్పూ లేదు, తప్పూ లేదు అని. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అక్కణ్నుంచి వచ్చినవాడికల్లా ఒక్కొక్కటి పెంచుకుంటూ పోయేవారు. పన్నెండు మంది ఉన్న బడిలో చిట్టచివర వచ్చినవాడికి పది దెబ్బలన్నమాట.

ఈ పద్ధతిలో రానివాడి గురించి ఊసే లేదు. పంతులుగారికి జీతం ఇచ్చేది ఊళ్లో ఉన్న తల్లిదండ్రులే. పిల్లవాడు బడికి పోతున్నాడో లేదో వాళ్లకు కళ్లెదుటే కనిపిస్తుంది. కాగితం మీద రుజువు అడిగేవారు మరొకరు లేరు. డబ్బు ఇచ్చేవాడు దూరంగా ఉన్నప్పుడే హాజరు పట్టీతో పని పడుతుంది. తర్వాతి కథంతా దీని చుట్టూ తిరిగేదే.

ఆ దూరం ఇంగ్లండులో ముందే మొదలైంది. రాబర్ట్ లో అనే మంత్రి 1862లో అమల్లోకి తెచ్చిన విద్యా నియమావళి ప్రకారం, ప్రభుత్వం బడులకిచ్చే గ్రాంటులో తలకు 4 షిల్లింగులు సగటు హాజరు మీద, 8 షిల్లింగులు పరీక్ష ఫలితం మీద ఆధారపడేవి. రిజిస్టరులో గీత పెడితే బడికి డబ్బు, పెట్టకపోతే నష్టం. ఆ గీత పెట్టేదేమో ఆ డబ్బుతో బతికే ఉపాధ్యాయుడే. రిజిస్టర్లు దిద్దుతున్నారన్న ఫిర్యాదులు రావడం వింతేమీ కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలోనూ ఫలితాలను బట్టి గ్రాంట్లిచ్చే పద్ధతి నడిచింది. రిజిస్టరు, ఇన్‌స్పెక్టరు కలిసే మన బళ్లలోకి వచ్చారు.

ముప్పై ఒక్క గళ్లు

బడి హాజరు రిజిస్టరు విప్పితే ఎడమ పక్క వరుస సంఖ్య, అడ్మిషన్ నంబరు, పేరు. ఆ తర్వాత నెలకు సరిపడా ముప్పై ఒక్క సన్నటి గళ్లు. కుడి చివర ఆ నెల హాజరు మొత్తం. చాలా బళ్లలో పొద్దుట వచ్చినవాడికి ఒక ఏటవాలు గీత, మధ్యాహ్నం బెల్లు తర్వాత కూడా ఉంటే దాని మీద అడ్డంగా రెండో గీత. రెండూ కలిస్తే ఇంటూ గుర్తు, పూర్తి రోజు. భోజనం చేసి ఇంటికి జారుకున్నవాడికి ఒంటి గీతే మిగులుతుంది. రానివాడి గడిలో ఎర్ర ఇంకుతో ‘ఏ’. ఆదివారాల గడుల్లో పై నుంచి కిందికి పొడుగ్గా వారం పేరు, సంక్రాంతి, దసరాలకు వరుస గళ్లను కలిపి సెలవు పేరు. కొట్టివేతలుంటే పక్కన పొట్టి సంతకం ఉండాలి, వైట్‌నర్ పూయకూడదు. నెలాఖరున ఈ గుర్తులన్నీ కూడి, పని దినాలతో భాగించి, సగటు కట్టి, అడుగున ప్రధానోపాధ్యాయుడి సంతకం.

పిలుపుకు పలికే మాటలు బడిని బట్టి మారతాయి. ‘ఎస్ సార్’, ‘ప్రెజెంట్ టీచర్’ అన్నవే ఎక్కువ. గుజరాత్ ప్రభుత్వం 2019 జనవరి 1 నుంచి పిల్లలు ‘జై హింద్’ అనో ‘జై భారత్’ అనో పలకాలని ఉత్తర్వు ఇచ్చింది. ఏ మాట పలికినా రిజిస్టరులో పడేది అదే గీత.

ఆ నెలసరి సగటును నమ్ముకోవడంలో ఒక చిక్కుంది. నలభై మంది ఉన్న తరగతిలో సగటు హాజరు 90 శాతం అంటే రోజుకు సగటున ముప్పై ఆరుగురు వస్తున్నారని. బాగానే ఉందనిపిస్తుంది. రోజుకో నలుగురు జ్వరానికో పెళ్లికో ఆగిపోతున్నా సగటు 90 శాతమే. నెలంతా అదే నలుగురు బడి ముఖం చూడకపోయినా 90 శాతమే. మొదటి సందర్భంలో ఏమీ చేయనక్కర్లేదు. రెండో సందర్భంలో నలుగురు పిల్లలు చదువుకు దూరమవుతున్నారు. ఈ తేడా అడుగున ఉన్న సగటులో కనిపించదు, ఒక్కో పేరు మీద వేలు పెట్టి అడ్డంగా చదివితేనే కనిపిస్తుంది. అమెరికా, ఇంగ్లండుల్లో ఇందుకే సగటుతో పాటు మరో లెక్క తీస్తారు. బడి దినాల్లో పదో వంతు, అంతకుమించి పోగొట్టుకున్న పిల్లలెందరని విడిగా లెక్కపెడతారు.

అడ్డంగా చదివితే మన రిజిస్టర్లలో పంటల క్యాలెండర్ కూడా దొరుకుతుంది. ఆదోని, కోసిగి ప్రాంతాల నుంచి కుటుంబాలు మిరప కోతలకు, పత్తి తీతకు గుంటూరు వైపు వలస వెళ్తాయి. ఆ నెలల్లో అక్కడి బళ్లలో ఇంటి పేరు ఒకటే అయిన అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ ఒకే రోజు నుంచి ఎర్ర గుర్తులు మొదలవుతాయి, ఒకే రోజు ఆగుతాయి. ఇలాంటి పిల్లల కోసమే సర్వశిక్షా అభియాన్ కాలం నుంచి సీజనల్ హాస్టళ్లు పెడుతూ వచ్చారు, పెద్దలు పనికి పోయినా పిల్లలు ఊళ్లోనే ఉండి బడికి పోయేలా. హాజరు పట్టీని చదివి దానికి తగిన పని చేసిన సందర్భాలు మన విద్యాశాఖలో అరుదు. ఇది వాటిలో ఒకటి.

బియ్యం, డబ్బు, 75 శాతం

2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో సర్కారీ బళ్లలో వండిన భోజనం పెట్టడం తప్పనిసరైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో అది మొదలైంది. ప్రాథమిక తరగతుల్లో పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, ప్రాథమికోన్నత తరగతుల్లో 150 గ్రాములు. ఆ రోజు ఎందరు తిన్నారన్న దాని మీదే వంట ఖర్చు. దాంతో పొద్దున హాజరు వేసిన వెంటనే సంఖ్య వంటగదికి చేరాలి, పైఅధికారులకూ చేరాలి. హాజరు పెంచి రాస్తే బియ్యం మిగులుతుంది. తనిఖీకి వచ్చినవారు ముందుగా చేసే పని రిజిస్టరులోని గీతలనూ, బంతిలో కూర్చున్న పిల్లలనూ పక్కపక్కన పెట్టి చూడటమే. చాలా ఏళ్లుగా బడి హాజరుకు ఇంతకు మించిన ఆడిట్ లేదు.

డబ్బు నేరుగా తల్లి ఖాతాలో పడే రోజులొచ్చాక ముడి ఇంకా బిగిసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన అమ్మ ఒడి పథకంలో 2022 జూన్ విడత నాటికి 75 శాతం హాజరు షరతు అమలైంది. జ్వరం వచ్చిన పిల్లవాడు సెలవు చీటీ పంపినా గడిలో పడేది ‘ఏ’ యే. 75 దగ్గరో 74 దగ్గరో ఉన్న పిల్ల విషయంలో ఆ ఒక్క గీత విలువ వేల రూపాయలు. ఊళ్లో రోజూ ముఖాలు చూసుకోవాల్సిన తల్లికీ టీచరుకూ మధ్య ఆ గీత పడింది.

కాలేజీల్లోనూ అంకె అదే, 75. హైదరాబాద్ జేఎన్‌టీయూ నిబంధనల ప్రకారం 75 శాతం ఉంటే పరీక్షకు అర్హత. 65 నుంచి 75 మధ్య ఉంటే తగిన కారణం చూపి, ఫీజు కట్టి మాఫీ పొందాలి. విద్యార్థుల నోట ఇది ‘కండొనేషన్’. 65 కన్నా తగ్గితే డిటెయిన్, ఏడాది పోయినట్టే. సెమిస్టరు చివర్లో మెడికల్ సర్టిఫికెట్లకు గిరాకీ పెరగడం అందరికీ తెలిసిన రహస్యం. ప్రాక్సీ సంగతి చెప్పనే అక్కర్లేదు. అరవై మంది ఉన్న క్లాసులో లెక్చరరు తల దించుకుని రోల్ నంబర్లు చదువుతుంటే, వెనక బెంచీ నుంచి ఒకే గొంతు మూడు రకాలుగా పలుకుతుంది.

ఇలాంటి హాజరు నియమాల మీద న్యాయస్థానాలు చాలాకాలం విద్యాసంస్థల పక్షానే నిలిచాయి. 2025 నవంబరులో ఢిల్లీ హైకోర్టు వేరే మాట చెప్పింది. హాజరు తక్కువైందన్న కారణంతో న్యాయ విద్యార్థులను పరీక్ష రాయకుండా ఆపకూడదంది. హాజరు చాలక పరీక్షకు దూరమైన ఒక విద్యార్థి 2016లో ప్రాణాలు తీసుకోవడం ఆ విచారణకు మూలం. చదువు చెప్పించడానికి పెట్టిన నియమం ప్రాణం మీదికి వచ్చాక గానీ ఆ వేరే మాట వినిపించలేదు.

గంట, తాళంచెవి, మస్టరు

పనిచోట హాజరుకు గట్టి అవసరం ఫ్యాక్టరీతో వచ్చింది. పొలంలో కూలీని మేస్త్రీ చూసి గుర్తుపడతాడు. వందల మంది ఒకే గేటు నుంచి లోపలికి వచ్చే చోట అది కుదరదు. ఇంగ్లండులో పింగాణీ సామాను తయారుచేసిన జోసయా వెడ్జ్‌వుడ్ 1769లో తెరిచిన ఎట్రూరియా కార్ఖానాలో తెల్లవారుజామునే గంట కొట్టించి, వచ్చినవారి లెక్కకు గేటు దగ్గర ఒక గుమాస్తాను పెట్టాడు. పనివాళ్ల రాకపోకలను రికార్డు చేసిన తొలి ఏర్పాట్లలో దీన్ని చెబుతారు.

ఆ గుమాస్తా పనిని యంత్రానికి అప్పగించినవాడు అమెరికాలో ఒక నగల వర్తకుడు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్‌లో విల్లార్డ్ బండీ 1888లో ఒక గడియారం తయారుచేశాడు. ప్రతి పనివాడికీ తన నంబరున్న తాళంచెవి ఒకటి ఇస్తారు. దాన్ని గడియారంలో పెట్టి తిప్పితే కాగితపు చుట్ట మీద అతని నంబరు, అప్పటి వేళ అచ్చవుతాయి. 1894లో రోచెస్టర్‌కు చెందిన డేనియల్ కూపర్ తాళంచెవి బదులు అట్టముక్క పెట్టాడు. ‘పంచింగ్’ అని ఇప్పటికీ మన ఆఫీసుల్లో వినిపించే మాట ఆ కార్డుల నాటిది. ఈ గడియారాల కంపెనీలు ఒకదాంట్లో ఒకటి కలిసి, 1911లో మరికొన్ని సంస్థలతో చేరి, 1924లో కొత్త పేరు పెట్టుకున్నాయి. ఆ పేరు ఐబీఎం. కంప్యూటర్లలో దిగ్గజమైన ఆ సంస్థ తన హాజరు గడియారాల విభాగాన్ని 1958లో గానీ అమ్ముకోలేదు.

తెలుగు నేల మీద పనిచోట హాజరుకు ఉన్న పేరు మస్టరు. మున్సిపల్ పారిశుద్ధ్య సిబ్బంది నుంచి సింగరేణి దాకా అదే మాట. గైర్హాజరైతే ‘నాగా’. ‘ఈ నెల ఎన్ని మస్టర్లు పడ్డాయి?’ అని గని కార్మికుణ్ని అడిగితే జీతం ఎంత వస్తుందని అడిగినట్టే. దీని వెనక చట్టముంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఏడాదిలో 240 రోజులు పనిచేసినవారికి వేతనంతో కూడిన సెలవు హక్కుగా ఇచ్చింది. 1952 నాటి గనుల చట్టం భూగర్భంలో దిగేవారికి 190 హాజర్లు చాలంది, ఉపరితలంలో పనిచేసేవారికి 240. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ ఇవే అంకెలుండేవి. ఏడాదిలో అన్ని రోజులు పనిచేసినట్టు తేలితే, నోటీసూ పరిహారమూ లేకుండా మనిషిని తీసేయడం కుదరదు. సింగరేణిలో ఒకరి బదులు పనికి వచ్చే బదిలీ వర్కర్లు పర్మనెంటు కావడానికి లెక్కపెట్టుకున్నవీ ఈ 190, 240 మస్టర్లే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లో సెలవుకు అర్హత 180 రోజులకు తగ్గింది.

ఆ రోజులు పనిచేశానని రుజువు చేసుకోవాల్సింది ఎవరు? కార్మికుడేనని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. మస్టరు పుస్తకం ఉండేదేమో యజమాని బీరువాలో. 239 దగ్గర లెక్క ఆపేయడం కాంట్రాక్టర్లకు తెలిసిన విద్యే. హాజరు రాసే కలం ఎవరి చేతిలో ఉందన్నది కార్మికుడికి జీవన్మరణ సమస్య అయ్యేది ఇక్కడే.

దీనికి పూర్తి భిన్నమైన హాజరు కూడా ఆ గనుల్లోనే ఉంది. భూగర్భ గని గట్టు మీద ల్యాంప్ రూమ్ ఉంటుంది. దిగేవాడు తన నంబరు బిళ్ల ఇచ్చి తలకు పెట్టుకునే దీపం తీసుకుంటాడు. పైకొచ్చి దీపం అప్పజెప్పి బిళ్ల వెనక్కి తీసుకుంటాడు. షిఫ్టు ముగిశాక కూడా కొక్కేనికి ఒక బిళ్ల వేలాడుతూ ఉంటే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడని. ఏ క్షణంలో చూసినా భూగర్భంలో ఎవరెవరు ఉన్నారో తెలియాలని గనుల చట్టం నిర్దేశించింది. పైకప్పు కూలినా, నీళ్లు ముంచెత్తినా వెతుకులాట ఆ పట్టీతోనే మొదలవుతుంది. హాజరు వల్ల ముందుగా మేలు జరిగేది హాజరు పడ్డవాడికే అయిన చోటు ఇదొక్కటే కావచ్చు. బిళ్ల ఇవ్వడం ఎగ్గొట్టాలని ఏ కార్మికుడూ అనుకోడు.

ఫొటో తీసిన ఫొటో

ఉపాధి హామీ పనుల్లో మస్టరు మీద మొదటి నుంచీ అనుమానమే. ఊళ్లో లేనివారి పేర్లు, చనిపోయినవారి పేర్లు సామాజిక తనిఖీల్లో బయటపడుతూ వచ్చాయి. కాగితాన్ని నమ్మలేక కేంద్రం 2021 మే నెలలో ఒక మొబైల్ యాప్ తెచ్చింది. 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని సామూహిక పనులకూ అది తప్పనిసరైంది. పనిచోట కూలీల గుంపును చూసుకునే మేట్ తన ఫోనులో హాజరు వేసి, కూలీలందరినీ నిలబెట్టి పొద్దున ఒక ఫొటో, మధ్యాహ్నం మరో ఫొటో అప్‌లోడ్ చేయాలి. ఎక్కడ, ఎప్పుడు తీశారన్నది ఫొటోతో పాటే వెళ్తుంది.

ఉపాధి పనిలో కూలి కట్టేది తవ్విన మట్టి కొలతలను బట్టి. ఎండాకాలంలో తెల్లవారకముందే దిగి, తొమ్మిదీ పదింటికల్లా కొలత ముగించుకుని ఇంటికి పోవడం తెలుగు పల్లెల్లో అలవాటు. పని అయిపోయినా రెండో ఫొటో కోసం చెట్టు కింద కాచుకోవడమో, మిట్టమధ్యాహ్నం మళ్లీ రావడమో తప్పలేదు. కొలత ఉన్న చోట హాజరు దేనికన్న ప్రశ్నకు యాప్ దగ్గర జవాబు లేదు. మోసం ఆగిందా అంటే అదీ లేదు. 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసిన లేఖలో అక్రమాలను ఏకరువు పెట్టింది. పనికి సంబంధం లేని ఫొటోలు, ఫొటోను చూపించి తీసిన ఫొటోలు, ఫొటోలో ఉన్న తలలకూ వేసిన హాజరుకూ పొంతన లేకపోవడం, ఒకే కూలీల గుంపు ఫొటో పలు మస్టర్లలో కనిపించడం. విరుగుడుగా శాఖ సూచించింది ఏమిటంటే, గ్రామ పంచాయతీ స్థాయి నుంచి మనుషులు కూర్చుని ఆ ఫొటోలను సరిచూడాలని. మనిషిని నమ్మలేక యంత్రాన్ని తెచ్చి, చివరికి యంత్రాన్ని చూడ్డానికి మళ్లీ మనుషుల్నే పెట్టారు.

ఆఫీసు గుమ్మం

సర్కారీ ఆఫీసుల్లో హాజరు ఎప్పుడూ పెద్దమనిషి తరహాగానే సాగింది. పొద్దున రిజిస్టరు బల్ల మీద ఉంటుంది. పది నిమిషాల గ్రేస్. ఆ తర్వాత అటెండరు దాన్ని ఆఫీసరు గదిలోకి పట్టుకుపోతాడు. ఆలస్యంగా వచ్చినవారు గదిలోకి వెళ్లి, ఆఫీసరు చూస్తుండగా సంతకం పెట్టాలి. మూడు లేట్లకు ఒక సీఎల్ కోత. కోతకన్నా ఆ గదిలోకి వెళ్లడమే అసలు శిక్ష అని పాత ఉద్యోగులు అంటారు. ఆఫీసరే పదకొండింటికి వచ్చే చోట ఈ ఏర్పాటు ఎలా నడుస్తుందో చెప్పక్కర్లేదు.

కేంద్ర ప్రభుత్వం 2014లో ఆధార్‌తో ముడిపడిన బయోమెట్రిక్ హాజరు ప్రవేశపెట్టింది. 2020 మార్చిలో కొవిడ్ రాగానే అందరూ ఒకే గాజుపలక మీద వేలు పెట్టడం ప్రమాదమని ఆపేశారు, 2021 నవంబరులో మళ్లీ తెచ్చారు. ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ 2022 ఆగస్టులో ఉపాధ్యాయులకు ముఖ గుర్తింపు యాప్ పెట్టింది. సొంత ఫోనులో, సొంత డేటాతో ప్రభుత్వ హాజరు వేయడమేమిటని, సిగ్నల్ లేని ఊళ్లలో ఆలస్యం ఎవరి ఖాతాలో వేస్తారని సంఘాలు అడిగాయి. 2023 జనవరి నుంచి మిగతా శాఖల ఉద్యోగులకూ అదే వచ్చింది. తెలంగాణ సర్కారీ బళ్లలో ముందు పిల్లలకు, 2025 ఆగస్టు నుంచి టీచర్లకు ముఖ గుర్తింపు మొదలైంది. ప్రైవేటు రంగం వెనకబడలేదు. టీసీఎస్ 2024లో త్రైమాసిక వేరియబుల్ పేను ఆఫీసు హాజరుతో కట్టేసింది. 60 శాతం కన్నా తక్కువ రోజులు ఆఫీసుకు వస్తే ఆ మొత్తం సున్నా.

వేలిముద్రకూ మోసం తప్పలేదు. బ్రెజిల్‌లోని సావో పాలో దగ్గర 2013లో ఒక వైద్యురాలు ఆరు సిలికాన్ వేళ్లతో పట్టుబడింది. రాని సహోద్యోగుల హాజరును ఆ వేళ్లతో వేస్తోంది. అటువైపు మట్టి, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో పనిచేసేవారి వేళ్ల గీతలు అరిగిపోయి, వచ్చినా యంత్రం రాలేదనడం మామూలైపోయింది. రోజంతా చీపురు పట్టేవారి వేలిముద్రే హాజరు యంత్రానికి అందరికన్నా తక్కువగా అర్థమవుతుంది.

రెండు ఉదయపూర్‌లు

నిఘా పెడితే హాజరు పెరుగుతుందా? దీనికి జవాబు ఊహలతో కాక కొలిచి చెప్పినవారున్నారు. ఆర్థికవేత్తలు మైకేల్ క్రెమర్, కార్తీక్ మురళీధరన్ తదితరులు 2003లో దేశవ్యాప్తంగా సర్కారీ ప్రాథమిక పాఠశాలలకు చెప్పాపెట్టకుండా మనుషులను పంపారు. నలుగురు టీచర్లలో ఒకరు బడిలో లేరు. పాఠం చెబుతూ కనిపించినవారు సగం మందే. 2010లో పల్లె బడులను మళ్లీ చూస్తే గైర్హాజరు 24 శాతం దగ్గర ఉంది. సెలవు పెట్టినవారు, ప్రభుత్వమే వేరే డ్యూటీలకు పంపినవారు కూడా ఈ లెక్కలో ఉన్నారు.

అదే 2003లో రాజస్థాన్‌లోని ఉదయపూర్ ప్రాంతంలో సేవా మందిర్ అనే సంస్థ తన ఏకోపాధ్యాయ బడుల్లో ఒక ప్రయోగం చేసింది. టీచరుకు ఒక కెమెరా ఇచ్చారు. తేదీ, వేళ మార్చడానికి వీల్లేదు. బడి మొదలైనప్పుడు ఒకటి, ముగిసేటప్పుడు ఒకటి, పిల్లలతో కలిసి ఫొటో తీయించుకోవాలి. నెలకు 20 రోజులు వస్తే 1,000 రూపాయలు. ఆపై ప్రతి రోజుకూ 50 రూపాయలు అదనం, తగ్గిన ప్రతి రోజుకూ 50 కోత, ఎంత తగ్గినా 500కు దిగదు. ఆర్థికవేత్త ఎస్తేర్ డఫ్లో బృందం ఫలితాన్ని లెక్కగట్టింది. కెమెరా లేని బళ్లలో టీచర్ల గైర్హాజరు 42 శాతం, ఉన్న బళ్లలో 21. పిల్లల చదువూ మెరుగుపడింది.

ఆ జిల్లాలోనే ప్రభుత్వ ఉపకేంద్రాల నర్సులకు ఇలాంటి ఏర్పాటే చేశారు. హాజరుకు టైమ్ ముద్ర వేసే యంత్రం, రాకపోతే జీతంలో కోత. మొదట్లో హాజరు బాగా పెరిగింది. తర్వాత జిల్లా ఆరోగ్య అధికారులు ‘మీటింగుకు పోయింది’, ‘సర్వేలో ఉంది’ అంటూ మినహాయింపు రోజులు ఇవ్వసాగారు. పదహారు నెలలు గడిచేసరికి యంత్రం ఉన్న కేంద్రానికీ లేని కేంద్రానికీ తేడా లేకుండా పోయింది. అక్కడ పాడైంది యంత్రం కాదు. దాన్ని నిజాయితీగా అమలు చేయాల్సిన పైవారికి అది అక్కర్లేకపోయింది. ముఖ గుర్తింపు యాప్‌ల మీద కోట్లు ఖర్చు పెట్టేముందు ఈ రెండో ఉదయపూర్‌ను చదివితే మేలు.

పిల్లల ముఖాల సంగతి మరీ జాగ్రత్తగా చూడాల్సింది. స్వీడన్‌లోని స్కెలెఫ్టియో పట్టణంలో ఒక హైస్కూలు 22 మంది విద్యార్థుల హాజరును ముఖ గుర్తింపుతో వేసి చూసింది. తల్లిదండ్రుల అనుమతి తీసుకుంది కూడా. అయినా 2019లో అక్కడి డేటా రక్షణ సంస్థ 2 లక్షల క్రోనర్ల జరిమానా వేసింది. బడి అడిగితే కాదనగల స్థితిలో పిల్లలు లేరు కాబట్టి ఆ అనుమతి చెల్లదంది. హాజరు వంటి చిన్న పనికి అంత పెద్ద సాధనం అక్కర్లేదంది. మన దేశంలో 2023లో వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం వచ్చింది. 18 ఏళ్లలోపు వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలన్నది అందులో మూలసూత్రం. విద్యాసంస్థలకు కొన్ని మినహాయింపులున్నాయి.

పట్టీ ఏ యంత్రంతో నింపినా, నింపాక దాన్ని ఎవరు చదువుతారన్నది మిగిలే ఉంటుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం పిల్లల ప్రవేశాన్నీ హాజరునూ చూసుకునే బాధ్యత స్థానిక సంస్థల మీద పెట్టింది. టీచరు వేళకు, క్రమం తప్పకుండా రావాలంది. ప్రతి సర్కారీ బడిలో తల్లిదండ్రులే నాలుగింట మూడొంతులుండే యాజమాన్య కమిటీ ఉండాలంది. పిల్లల హాజరు, టీచర్ల హాజరు ఈ కమిటీ పరిశీలించాల్సిన అంశాలే. ఈసారి కమిటీ సమావేశానికి పిలుపు వచ్చినప్పుడు రిజిస్టరు తెప్పించి బల్ల మీద పెట్టమని అడగండి. అడుగున ఉన్న సగటును వదిలేసి, ఒక్కో పేరునూ అడ్డంగా చదవండి. వరుసగా ఎర్ర గుర్తులున్న పిల్లల ఇంటికి ఎవరు ఎప్పుడు వెళ్తారో ఆ సమావేశంలోనే రాయించండి.